ఈనె లేని ఆకులు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, అమలాపురంలో మా పక్కింట్లో పిల్లలకి బొమ్మల పుస్తకాలు తయారుచేసే ఆవిడ ఉండేవారు. కథా ఆవిడదే, బొమ్మా ఆవిడదే. మా వీధిలో ఆడవాళ్లు కుట్టుమిషను పెట్టుకున్నా, పచ్చళ్లు పెట్టి అమ్ముకున్నా అదొక పని అనేవారు గానీ, పొద్దస్తమానం కూర్చుని కప్పకి చొక్కా తొడగడం ఏం పనో మా అమ్మకి చివరిదాకా అర్థం కాలేదు. నేను ఆవిడని పిన్నిగారు అని పిలిచేదాన్ని. బడి వదిలితే వాళ్లింట్లోనే నా మకాం.

పిన్నిగారికి ఒక్కో పేజీకి వారం పట్టేది. కప్పని వెయ్యాలంటే కాలవగట్టుకి వెళ్లి కప్పని చూసి రావాల్సిందే. పెన్సిలుతో గీయడం, చెరపడం, మళ్లీ గీయడం, ఆ తర్వాతే రంగులు. అన్నీ అయ్యాక అట్టల మధ్య పెట్టి, గుడ్డలో కుట్టి, విజయవాడకి రిజిస్టరు పోస్టులో పంపేవారు. అంత చేసీ ప్రతి పేజీలో పైన కొంత తెల్లగా వదిలేసేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడక్కుండానే అన్నీ తెలుసనుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

వాళ్ల పెరట్లో ఒకావిడ కూర్చుని కొబ్బరాకులు చీరి, ఈనెలు తీసి, చీపుళ్లు కట్టి అమ్ముకునేది. ఆవిడ కూతురిది ఇంచుమించు నా ఈడే. తల్లి పక్కన ఈనెలు తీసీ తీసీ, కాస్త తెరిపి దొరికితే వచ్చి నా పక్కన నిలబడి బొమ్మలు చూసేది. ఏ బొమ్మనీ ముట్టుకునేది కాదు.

ఆ రోజు పిన్నిగారు పార్సిలు కుట్టడానికి గుడ్డ తేవాలని బజారుకి వెళ్లారు. బల్ల మీద ఆఖరి పేజీ ఉంది. కింద కాలవలో పడవ, పైన సగం పేజీ ఖాళీ. పాపం, టైము చాలక వదిలేశారు, నేను పూర్తి చేస్తే మురిసిపోతారు అనుకున్నాను. "వద్దే, ఆవిడొచ్చేక అడుగుదాం" అని ఆ పిల్ల అంటూనే ఉంది. పచ్చరంగు గిన్నె ఆ పిల్ల చేతికే ఇచ్చి పట్టుకోమని, ఆ తెలుపంతా నిండేలా ఐదు కొబ్బరిచెట్లు వేశాను.

పిన్నిగారు వచ్చి చూసి, ఉన్నచోటే కూలబడ్డారు. "ఎవరు వేసేరమ్మా? అది కథ అచ్చేసే చోటు కదా" అన్నారు. కేకలేసినా బాగుండేది. ఈలోగా చీపుళ్లావిడ పెరట్లోంచి వచ్చింది. కూతురి చేతికి అంటిన పచ్చరంగు చూసింది. "నేను కాదమ్మా" అంటున్నా వినకుండా వీపు మీద రెండు వేసింది. "తప్పయిపోయిందండి, దీనికి బుద్ధి లేదండి" అని పిన్నిగారికి దణ్ణం పెట్టింది. పిన్నిగారు అడ్డుపడుతున్నా ఆగలేదు. ఆ పిల్ల నా వైపు చూసింది గానీ, నా పేరు చెప్పలేదు. నేను చేతులు పరికిణీ మడతల్లో దాచుకున్నాను.

మర్నాటినుంచి చీపుళ్లావిడ ఒక్కతే వచ్చేది. పిన్నిగారు మళ్లీ మొదటినుంచి పడవ వేస్తూ కూర్చున్నారు. మూడో రోజు నన్ను పిలిచి, ఒక కొబ్బరాకు చేతికిచ్చి చీరమన్నారు. చీరితే మధ్యలోంచి ఈనె వచ్చింది. అప్పుడు నా చెట్లున్న పేజీ ముందు పెట్టారు. ఐదు చెట్లకీ అంతంత పెద్ద పచ్చటి ఆకులు, ఒక్కదానికీ ఈనె లేదు.

"రోజూ ఈనెలు తీసే పిల్ల ఈనె లేని ఆకు వెయ్యదమ్మా" అన్నారు పిన్నిగారు. "ఆ రోజే నిదానంగా చూడాల్సింది. నాదీ తప్పే. పద."

కాలవ అవతల చీపుళ్లావిడ ఇల్లు. నా బదులు తను చెప్పనని పిన్నిగారు దారిలోనే చెప్పేశారు. గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నేనే చెప్పాను. ఇప్పుడు నాకు దెబ్బలు పడతాయి, పడాలి కూడా అనుకున్నాను. చీపుళ్లావిడ దగ్గరికొచ్చి కొంగుతో నా కళ్లు తుడిచింది.

"ఆయ్, పోనీలెండి. చిన్నపిల్ల, తెలీక చేసింది. ఏడవకమ్మా" అని లోపలికెళ్లి కొబ్బరిముక్క, బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. కూతురితో ఒక్క మాటా అనలేదు. ఆ పిల్ల చేతిలో ఈనెల కట్ట పట్టుకుని, నా చేతిలో బెల్లం ముక్క కేసి చూస్తూ నిలబడింది. పిన్నిగారు ఎన్నిసార్లు రమ్మన్నా ఆ తర్వాత బొమ్మలు చూడ్డానికి రాలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పడవ పైన ఆకాశం నిండా అక్షరాలే. ఇరవై ఏళ్లుగా బళ్లో పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్ల చేతికి రంగు కనిపించినా ముందు నా నోరు అదుపులో పెట్టుకుంటాను. ఆ పాటి బుద్ధయితే వచ్చింది. సిగ్గు మాత్రం పోలేదు. చిన్నతనం, తెలీక చేశానని నాకు నేను సర్దిచెప్పుకోబోతాను. అంతలోనే గుర్తొస్తుంది, ఆ పిల్ల నాకంటే ఆరు నెలలు చిన్నది.