ఇంటి యజమాని పేరు

ఎనభైల మొదట్లో మేం విశాఖ జాలరిపేటలో ఉండేవాళ్ళం. ఫిషింగ్ హార్బర్ వచ్చాక మా ఆయన సొంత తెప్ప మానేసి ఇంజను బోటులో కూలికి కుదిరాడు. ఒకరోజు నేను చేపలమ్మి ఇంటికొచ్చేసరికి, హార్బర్ వల్ల మా బతుకులు ఎలా మారాయో సర్వే చేస్తున్న యూనివర్సిటీ ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"హార్బర్ వచ్చాక మీ ఇంట్లో ఏం మారింది?" అని పక్కనే ఉన్న మా ఆయన్ని అడిగాడు.

"ఏటీ మారనేదు బాబూ. అదే సముద్రం, అవే సేపలు," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. తట్ట కింద పెట్టాను.

"నీకేటి మారతాది? ఇదివరకు నువ్వు తెచ్చిన సేప ఒడ్డునే నా సేతిలో పడేది. ఇప్పుడు సేపంతా బోటు ఓనరుది. నువ్వు పట్టిన సేపనే నాను షావుకార్ల మధ్య నిలబడి వేలంపాటలో కొనుక్కోవాల," అన్నాను.

వీధంతా గుమిగూడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డు వైపు వెళ్ళిపోయాడు. నాకూ సిగ్గేసింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

సర్వే ఆయన ఇబ్బందిగా కదిలి, "ఇంటి యజమాని పేరు చెప్పమ్మా, రాసుకుంటాను," అన్నాడు.

పక్కింటావిడ మా ఆయన పేరు చెప్పబోయింది. ఒక్క చూపు చూశాను, ఆగిపోయింది.

"మొగుడి పేరు ఆడది పలకకూడదు బాబూ. నా పేరు రాసుకో," అన్నాను.

రాసుకున్నాడు. ఆ సర్వేలో చివరికి ఏం తేల్చారో నాకు తెలీదు. మొగుడి పేరు పలకకూడదని మా అమ్మ నేర్పిన ఆచారాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా పాటించింది ఆ రోజే.