పద్నాలుగు రకాల బ్లేడ్లు, భీమన్న కుర్చీ

యాభై రెండేళ్ళు వచ్చాక మా ఆయన మద్దిలేటికి తన గడ్డం తానే గీసుకోవాలని బుద్ధి పుట్టింది. ఆ వయసులో కొందరు కాశీకి పోతారు, కొందరు బీపీ మాత్రలు మొదలుపెడతారు. ఈయన కొరియర్‌లో ఒక డబ్బా తెప్పించుకున్నాడు. అందులో బరువైన ఇత్తడి రేజరు, కుచ్చులాంటి బ్రష్షు, గంధం వాసన వచ్చే సబ్బు, పద్నాలుగు రకాల బ్లేడ్లు ఉన్నాయి. రష్యావట, జపానువట, టర్కీవట. మా వీధి చివర కిరాణా కొట్టులో దొరికే బ్లేడు కూడా వాటిలో ఒకటి. కొట్టు దాకా నడిస్తే దొరికేదాన్ని కొరియర్‌లో తెప్పించుకున్న మనిషిని గద్వాలలో నేనొక్కదాన్నే కట్టుకున్నాననుకుంటాను.

"దీన్ని సంప్రదాయ వెట్ షేవింగ్ అంటరు వసంతా. పెద్ద విద్య" అన్నాడు, ఫోనులో వీడియో చూపిస్తూ.

"ఇరవై ఎనిమిదేండ్ల సంది భీమన్న నీకు చేసింది ఏంది మరి? ఎండు షేవింగా?" అన్నాను.

ఆయన వీడియో సౌండు పెంచాడు.

కోట పక్క సందులో భీమన్నది ఒంటి కుర్చీ కటింగ్ షాపు. మా పెళ్ళికి ముందు నుంచీ ఈయన రెండు రోజులకోసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ దించుకునేది గడ్డం ఒక్కటే కాదు. ధరూర్ దగ్గర మా పత్తి చేను గట్టు గొడవ, ఆఫీసులో చీవాట్లు, నా ముక్కు మీది కోపం, అన్నీ భీమన్నకే ముందు తెలిసేవి. నాకు బీపీ ఉందన్న సంగతి కూడా ఈయన మా అమ్మకంటే ముందు భీమన్నకు చెప్పాడు.

భీమన్న కొడుకు విజయ్ ఆ షాపు బల్ల మీదే పుస్తకం పెట్టుకుని చదివాడు. ఈయన మొహం నిండా నురగతో, "బాగ చదువు విజయ్, ఆఫీసర్ కావాలె" అని దీవిస్తూ ఉండేవాడు. మనం దీవించేవన్నీ నిజమవుతాయా ఏంటి? ఆ ధైర్యంతోనే కదా దీవిస్తాం. ఆ అబ్బాయి మాత్రం నిజంగానే పరీక్ష పాసయ్యాడు. భీమన్న కోవా తెచ్చి ఇస్తే ఈయన రెండు బిళ్ళలు తిని, "నేను చెప్పలే?" అన్నాడు. నెల తిరిగేసరికి విజయ్‌కి వనపర్తిలో పోస్టింగు వచ్చింది. మా ఆయన రోజూ గద్వాల నుంచి బస్సెక్కి పోయి పనిచేసే ఆఫీసులో, మా ఆయన మీది ఆఫీసరుగా.

అదిగో, ఆ వారమే భీమన్న దగ్గరికి పోవడం మానేశాడు. కారణం అడిగితే నేల చూపులు చూశాడు. నాకు అర్థం కాదా? పొద్దున కొడుకు టేబులు ముందు నిలబడి సంతకం పెట్టే మనిషి, సాయంత్రం తండ్రితో "భీమన్నా, జర నీళ్ళు మార్చు" అని ఎట్లా అంటాడు? అనకుండా ఎట్లా కూర్చుంటాడు? మా ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ షాపులో ఆర్డర్లు వేయడం ఒక్కటే వచ్చు, వేరే మర్యాద ఎవరూ నేర్పలేదు. దాన్ని సిగ్గు అనాలో, పొగరు అనాలో. నేనైతే పొగరే అంటాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. బస్సులో తోటి ఉద్యోగులు నలుగురు, "ఏంది సారూ, భీమన్న దగ్గరికి పోతలేవంట?" అని అడిగితే, "ఆయన చేయి వణుకుతుందయ్యా, పెద్దోడైండు గద" అని చెప్పి వచ్చాడు. ఆ మాట ఇంటికొచ్చి నాతోనే అన్నాడు, ఏదో తెలివైన పని చేసినట్టు.

"నీ నోట్ల మన్ను పడ. కటింగ్ చేసేటోని చేయి వణుకుతదంటే ఆ షాపుల ఎవడు కూసుంటడు?" అన్నాను.

"నలుగురికే గద చెప్పిన" అన్నాడు.

ఇక బ్లేడ్ల పరీక్ష మొదలైంది. ఆఫీసు రిజిస్టరు లాంటి పుస్తకంలో గళ్ళు గీశాడు. బ్లేడు పేరు, పదును, మంట, రక్తం. ఒక్కో బ్లేడుతో వరసగా మూడు రోజులు గీసుకుంటేనే దాని గుణం తెలుస్తుందని వీడియోలో చెప్పారట. వీడియో వాళ్ళకు మా ఇల్లు తెలియదు. శనివారం మల్దకల్ తిమ్మప్ప స్వామి వారం, మంగళవారం సరేసరి, అమావాస్య ఉండనే ఉంది. ఆ రోజుల్లో నా ఇంట్లో గడ్డానికి కత్తి తగలనివ్వను. పాపం, ఆ గళ్ళలో 'సెలవు' అని రాసుకున్నాడు. సర్కారు ఉద్యోగి కదా, గడ్డానికి కూడా సెలవులు దొరికాయి.

రష్యా బ్లేడు గదుమ కింద కోసింది. టర్కీది మీసం ఒక పక్క పొట్టి చేసింది. రెండో పక్కను దానికి సమానం చేయబోయి మొత్తానికే తీసేశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తెగిన ప్రతిసారీ తప్పు బ్లేడుదే. నేను టైలర్ని. తప్పు పడిన కుట్లు బ్లేడుతోనే విప్పుతాను. "ఒత్తకు, దాని బరువుకు దాన్ని పోనియ్యి" అని చెప్పాను. నేను వీడియోలో లేను కాబట్టి వినలేదు. ఆయన ఫెయిలు చేసిన బ్లేడ్లన్నీ నా మిషను సొరుగులోకి వచ్చాయి. జపాను బ్లేడు జాకెట్ కుట్టు విప్పడానికి బంగారం లాంటిది. ఆ సంగతి రిజిస్టరులోకి ఎక్కలేదు.

పదకొండో బ్లేడుతో మెడ మీద ఎదురు గీకాడు. రెండు రోజులకు అది వాచి చీము పట్టింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ మందు రాసి, రెండు వారాలు బ్లేడు ముట్టవద్దంది. "తర్వాతనన్నా చేతనైనోళ్ళతోని చేయించుకోండి" అంది. ఆఫీసులో విజయ్ ఆ మెడ కట్టు చూసి, అందరి ముందే, "మద్దిలేటి గారూ, ఏమైంది? నాయన దగ్గరికి పోతలేరా? ఆదివారం రండి" అన్నాడట. ఆ పిల్లవాడికి తండ్రి పని చెప్పుకోవడానికి ఏ మొహమాటమూ లేదు. ఉన్నదంతా మా ఆయనకే.

రెండు ఆదివారాలు తప్పించుకున్నాడు. మూడో ఆదివారానికి నెరిసిన గడ్డంతో, పొలంలో కాకులను బెదిరించడానికి నిలబెట్టే బొమ్మలా తయారయ్యాడు. స్కూటీ తీసి, "ఎక్కు" అన్నాను. ఎక్కాడు.

ఆదివారం భీమన్న షాపు ముందు వరస సందు మొగదాకా ఉండేది. ఆ రోజు ఒక్కరూ లేరు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆడమనిషికి ఇక్కడేం పని అన్నట్టు చూశారు. చూసుకోనీ. లోపల భీమన్న స్టూలు మీద కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. చొక్కా చేతులు మడిచి కుర్చీ పక్కన నిలబడ్డది విజయ్.

"కూసోండి" అన్నాడు విజయ్.

"ఫర్వాలేదు సార్, మీరు కూసోండి" అన్నాడు మా ఆయన. నాకు నవ్వు ఆగలేదు. ఆఫీసరు నిలబడి తాను కూర్చోవడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. చివరికి కుర్చీ అంచు మీద, ప్రమోషన్ ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చున్నాడు.

విజయ్ నురగ పూశాడు. కాగితంలోనే బ్లేడును సగానికి విరిచి కత్తికి ఎక్కించాడు. కిరాణా కొట్టు బ్లేడే. గదుమ పైకెత్తి, ఎడమ చెంప సాఫీగా తీశాడు. కత్తి గొంతు దగ్గరికి వచ్చినప్పుడు, "ఆ పెండింగ్ ఫైలు ఏమైంది?" అని అడిగాడు.

"టేబుల్ మీదనే ఉన్నది సార్" అన్నాడు మా ఆయన, పెదవులు కదలకుండా.

నాకెందుకో భీమన్న ఊరికే కూర్చోవడం నచ్చలేదు. "అన్నా, నువ్వెందుకు చేస్తలేవు?" అని అడిగాను.

భీమన్న తన కుడి చేయి తిప్పి చూసుకున్నాడు. "వణుకుతున్నదంట వసంతమ్మా. బయట అందరు అంటుండ్రు. నాకైతే కనవడదు. రోజు పొద్దుగాల గ్లాసుల నిండా నీళ్ళు పోసి పట్టుకొని చూస్తున్న. ఒక్క సుక్క కింద పడదు. కానీ సారు ఇరవై ఎనిమిదేండ్లు ఈ చేతికింద కూసున్న మనిషి. ఆయనే మానేసిండంటే ఉత్తగ మానేస్తడా? నాకే తెలుస్తలేదేమో. ఉగాదికి షాపు తీసేద్దమనుకుంటున్న."

నలుగురికి చెప్పిన మాట ఇంత దూరం వచ్చి ఈ స్టూలు మీద కూర్చుంది. మా ఆయన తేలు కుట్టిన దొంగలా అద్దంలోకి చూస్తున్నాడు. మొహం సగం నునుపు, సగం నురగ.

"చెప్పు. ఇప్పుడన్నా చెప్పు" అన్నాను. నా గొంతు సందు చివరి దాకా వినబడి ఉంటుంది.

ఆయన అద్దంలో భీమన్నను చూస్తూ, "నీ చేతికి ఏం కాలే భీమన్నా. నేనే అబద్ధం చెప్పిన. పొద్దుగాల నీ కొడుకు ముందర నిలవడి, మాపటికి నీతోని పని చేయించుకునుడు నాకు నామోషీ అనిపించింది" అన్నాడు.

విజయ్ మొహంలో రంగు మారింది. కత్తి నీళ్ళ గిన్నెలో పెట్టి, "ఈ పక్క నువ్వు చెయ్యి నాయనా" అని బయటికి వచ్చి నిలబడ్డాడు. నావైపు చూడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాల్సింది నేను కూడా అనిపించింది.

భీమన్న కత్తి తీసుకోలేదు. లేచి, కుండలోంచి గ్లాసు అంచుదాకా నీళ్ళు నింపి మా ఆయన చేతిలో పెట్టాడు.

"పట్టుకో సారూ" అన్నాడు.

పట్టుకున్నాడు. నీళ్ళు తొణికి మెడకు కట్టిన గుడ్డ మీద, అక్కడినుంచి ఒళ్ళో పడ్డాయి. సగం గ్లాసు ఖాళీ అయ్యేదాకా భీమన్న అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, కుడి చెంప మీద కొత్తగా నురగ పూసి, "కదలకు" అన్నాడు. కుడి చెంప గీసింది ఎంతసేపని, రెండు నిమిషాలు. ఒక్క గాటు లేదు.

మర్నాడే ఆయన బస్సులో ఆ నలుగురికీ నిజం చెప్పాడు. వాళ్ళు నవ్వి, "ఆఫీసర్ తండ్రి గద, గట్లనే అంటవ్ లే" అన్నారట. అబద్ధం నమ్మినంత తొందరగా నిజం నమ్మలేదు. మిగిలిన మూడు రకాల బ్లేడ్లు కవరు విప్పకుండానే నా సొరుగులో పడ్డాయి.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే గడ్డం చేయించుకున్నాక కూడా ఆయన ఆ కుర్చీలోంచి లేవడం లేదు. మెడకు గుడ్డ కట్టుకుని, దారిన పోయేవాళ్ళకు కనబడేటట్టు గంటల తరబడి కూర్చుంటున్నాడు. మొన్న నేను టిఫిను తీసుకుని పోతే భీమన్న విసుక్కుంటున్నాడు.

"సారూ, జర లెవ్వు. గిరాకీ వస్తే ఏడ కూసోవెట్టాలె?"

"రానియ్యి, లేస్త" అన్నాడు మా ఆయన, సందు మొగవైపు చూస్తూ.