పీటెక్కి ముట్టుకో

గ్రైండరు ముట్టుకోగానే వేళ్లు జిల్లుమన్న రోజే ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. మాది విజయనగరం దగ్గర ఊరు. మావారు గుళ్లో అర్చకులు, నేను పిల్లలకు వీణ నేర్పుతాను. స్వామి నైవేద్యం మా వంటింట్లోనే తయారవుతుంది. "అత్తయ్యా, గ్రైండరు షాక్ కొడుతోంది" అన్నాను. ఆవిడ ఒక చెక్కపీట తెచ్చి దాని ముందు వేశారు. "ఏటే అంత కంగారు? పీటెక్కి ముట్టుకో. ఏటీ అవదు."

అదీ మా ఇంట్లో రిపేరు! ఏడాది పాటు అందరం బుద్ధిగా పీటెక్కే రుబ్బుకున్నాం.

కరెంటు ఎక్కడైనా లీకైతే టక్కున సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ మెయిన్ బోర్డులో ఉండేది. అది మాటిమాటికీ పడిపోతోందని మావారు ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. "వానాకాలం ఇంతే పంతులుగారూ. డైరెక్ట్ సేసెత్తాను, మరింక పడదు" అని అతను కరెంటు దానిలోంచి పోకుండా పక్కనుంచి తీగ కలిపేశాడు. అసలెందుకు పడుతోందని ఒక్కరమూ అడగలేదు.

శ్రావణ శుక్రవారం. కలశం పెట్టడానికి ఆ పీట పూజగదిలోకి వెళ్లింది. మడిచీర ఆరలేదు. తడిచీరతో, తడి నేల మీద నిలబడి గారెల పిండి రుబ్బుతూ ఎడమచెయ్యి స్టీలు డ్రమ్ము మీద వేశాను. చెయ్యి ఊడి రాలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. అత్తగారు చూసి, పరుగున వెళ్లి మెయిన్ ఆపేశారు. అందుకే బతికాను. ఆ మాటా చెప్పాలి.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, కండరాలు దెబ్బతిన్నాయేమోనని రక్తంలో సీపీకే చూశారు, ఒక రోజంతా మానిటర్ పెట్టారు. గుండెకేమీ కాలేదు. చూపుడువేలి మీద బఠాణీ గింజంత తెల్లమచ్చ. "ఇంతేనా?" అన్నారు మావారు.

"పైకి ఇంతే. లోపల ఎంత కాలిందో రెండు మూడు రోజులకి గానీ తెలీదు" అన్నారు డాక్టరుగారు. "ఇంట్లో ఈఎల్‌సీబీ లేదా?"

"ఉందండి."

"మరెందుకు పడలేదు?"

మావారు నేలచూపులు చూశారు. "ఊరికే పడిపోతోందని డైరెక్ట్ చేయించేశామండి."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "ప్రమాదం ఉందని అది చెబుతుంటే దాని నోరే నొక్కేశారన్నమాట."

మూడో రోజుకి వేలు నల్లబడింది. చచ్చిన కండంతా కోసి తీసేసి, అదే డిబ్రైడ్‌మెంట్ చేసి, తొడ చర్మంతో స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆ గ్రాఫ్ట్ పోయింది. మళ్లీ వేశారు. ఈలోగా వేలిని వంచే టెండన్ అతుక్కుపోయింది. ఫిజియోథెరపీలో వేలు వంచుతుంటే ప్రాణం పోయేది. చూడ్డానికొచ్చినవాళ్లు "గ్రహచారం" అన్నారు, "స్వామి పరీక్ష" అన్నారు. ఒళ్లు మండిపోయింది. స్వామికేం పని? అది మా ఇంటిల్లిపాది నిర్వాకం.

ఇంటికొచ్చాక వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. గ్రైండరు సాకెట్ విప్పితే, లీకైన కరెంటుని భూమిలోకి పంపాల్సిన ఎర్త్ తీగ దేనికీ తగలకుండా వేలాడుతోంది. మోటారులోంచి కరెంటు గ్రైండరు బాడీకి వస్తోంది. అతను తీగ బిగించాడు, కొత్త ఈఎల్‌సీబీ పెట్టాడు, మోటారు మార్చేదాకా గ్రైండరు జోలికి పోవద్దన్నాడు. "తీగ బిగించడం పావుగంట పనమ్మా" అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ వేలు సగమే వంగుతుంది. వీణ మెట్టు మీద తీగ లాగలేను. పాఠం నోటితో పాడి చెబుతున్నాను. పిల్లలు గమకం తప్పితే చూపించబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

మీ ఈఎల్‌సీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి, వెంటనే పడాలి. పడకపోతే మార్పించండి. దానంతట అది పడుతుంటే లీకు ఎక్కడుందో వెతికించండి. డైరెక్ట్ చేసేస్తానన్న మనిషిని మాత్రం గుమ్మంలోంచే పంపేయండి. నేను ఆరోజు అతనికి కాఫీ కలిపిచ్చి, థాంక్స్ కూడా చెప్పాను.