ఆలిస్ మేడమ్ వేషాల క్యాసెట్

1990లో నేను కువైట్‌లో, రిగ్గైలోని ఒక షాపులో టీవీలు, వీసీఆర్‌లు బాగుచేసేవాణ్ణి. మాది రాయచోటి. జులై చివర్లో అహ్మది నుంచి రమణమ్మ ఒక క్యాసెట్ పట్టుకొచ్చింది. ఆమెది రాజంపేట. ఆయిల్ కంపెనీలో పనిచేసే ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పనికుండేది.

"బాషన్నా, మా మామా దీన్ని పానం మాదిరి చూసుకుంటాది. మిషను నమిలేసింది. యెట్లన్నా బాగుచెయ్యన్నా," అంది.

కువైట్‌లో పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఈ మామా ఆలిస్ మేడమ్, ఇంజనీరుగారి భార్య. అరవై దాటిన మనిషి. కువైట్ రాకముందు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు సినిమాల్లో, టీవీలో క్యారెక్టర్ ఆర్టిస్టుగా చేసింది. ఆ వేషాలు టీవీలో వచ్చినప్పుడల్లా వాళ్ల అక్క రికార్డు చేసి, అన్నీ ఒకే క్యాసెట్‌లోకి ఎక్కించి పంపింది. ఆ అక్క పోయింది. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

టేప్ ఒకచోట నలిగి ముడతలు పడింది. స్ప్లైసింగ్ చేశాను, అంటే పాడైన ముక్క కత్తిరించి రెండు కొసలనూ సన్నటి అతుకు పట్టీతో కలిపాను. తర్వాత ట్రాకింగ్ చూడాలి. అది తప్పితే బొమ్మ మీద తెల్లగీతలు పడతాయి. అందుకని క్యాసెట్ మొదటినుంచి చివరిదాకా వేశాను. ఆమె ఒకచోట నర్సు, ఒకచోట కోర్టులో సాక్షి, ఇంకోచోట ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ. ఏ వేషమూ రెండు నిమిషాలు దాటలేదు. షాపులో వీసీఆర్‌లు రెండున్నాయి, కాపీ తీయొచ్చు. పని ఎక్కువుందని తీయలేదు.

ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. షాపు మూసేశాం. కొన్నాళ్లకు మనవాళ్లు బస్సుల్లో బయల్దేరుతున్నారని తెలిసి నేనూ పోదామనుకున్నాను. కానీ ఒకరి వస్తువు నా దగ్గర పెట్టుకుని ఎలా పోను? తెలిసిన డ్రైవరు నీళ్ల ట్యాంకర్‌లో అహ్మది చేరాను. ఇంజనీరుగారు సెలవుకు ఇంగ్లండ్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఇంగ్లీషువాళ్లను ఇళ్లలోంచి పట్టుకుపోతున్నారని మేడమ్ కర్టెన్లు దించుకుని లోపలే ఉంటోంది.

క్యాసెట్ ఆమె వీసీఆర్‌లో వేసి చూపించాను. రెండు సీన్లు అయ్యాయో లేదో, బయట జీపు ఆగింది.

రమణమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "మిలిటరీవాళ్లు వస్తాండారు! మామా, మంచం కిందికి దూరు!" అంది.

మేడమ్ కదల్లేదు. "వెతుకుతారు. నీ స్కార్ఫు ఇవ్వు," అంది. గబగబా పాదాలదాకా ఉండే రమణమ్మ నల్ల అబాయా తొడుక్కుని, స్కార్ఫు నుదుటిమీదికి లాక్కుంది. నడుం వంచింది. కింది పెదవి జారవిడిచింది. "నేను వంటమనిషిని. చెవుడు, మాటలు రావు. మీరు మామూలుగా ఉండండి." నా కళ్లముందే అక్కడ ఇంకో ముసలమ్మ నిలబడింది.

ముగ్గురు లోపలికొచ్చారు. ఇంటివాళ్లు దేశంలో లేరనీ నేను మెకానిక్‌ననీ అరబ్బీలో చెప్పాను. ఆఫీసరు మేడమ్‌ను చూపించి ఎవరని అడిగాడు. వంటామె, చెవిటి మూగది అని రమణమ్మ తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. అతను ఆమె చెవి దగ్గర గట్టిగా అరిచాడు. మేడమ్ బల్ల తుడుస్తూనే ఉంది. కాసేపటికి అతని నీడ చూసి తలెత్తి, రొట్టెల పళ్లెం అతని ముందుకు జరిపింది. అతను విసుగ్గా చెయ్యి ఊపాడు.

"ఖలాస్, ఇక చాలు! టీవీ, వీసీఆర్ తీసుకోండి."

వైర్లు పీకారు. క్యాసెట్ లోపలే ఉంది. "సార్, ఆ..." అని నోరు తెరిచాను. బల్లమీద గుడ్డ ఆగింది. ఆమె నావైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను. గుడ్డ మళ్లీ కదిలింది. ముప్పై ఏళ్ల వేషాలూ ఆమె ముందునుంచే గుమ్మం దాటి పోయాయి. ఆమె తల కూడా తిప్పలేదు.

జీపు వెళ్లాక మేడమ్ నేలమీద కూలబడింది. రమణమ్మ ఆమె చేతులు రుద్దుతూ ఏడ్చింది.

"కాపీ తీసి ఉండాల్సింది మేడమ్. తప్పు నాదే," అన్నాను.

ఆమె స్కార్ఫు విప్పి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అడిగింది: "మీరు మొత్తం చూశారా?"

"చూశాను."

"ఏది బాగుంది?"

"ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ వేషం. అద్దెకున్నామె తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతుంది. మీరు తలుపేస్తారు. మళ్లీ కొంచెం తీసి ఉంచుతారు."

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. "అది స్క్రిప్టులో లేదు. నేనే చేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను."

ఆపైన మిగతా వేషాలన్నీ నాచేత ఒక్కొక్కటే చెప్పించుకుంది. రమణమ్మ మధ్యలో, "నాకూ తెలుగులో చెప్పన్నా," అంటే రెండోసారి చెప్పాను.

సెప్టెంబరులో ఇరాక్‌వాళ్లు ఇంగ్లీషు ఆడవాళ్లను వదిలినప్పుడు ఆలిస్ మేడమ్ ఇంగ్లండ్ చేరింది. ఆ తర్వాతే రమణమ్మా నేనూ బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బొంబాయి వచ్చాం. యుద్ధం ముగిశాక నేను మళ్లీ కువైట్ వెళ్లి అదే పనిలో చేరాను.

అప్పటినుంచి రిపేరుకొచ్చిన ఏ క్యాసెట్‌కైనా, ఇచ్చినవాళ్లను అడిగి కాపీ తీసిపెట్టాను. మేడమ్ క్యాసెట్‌కు ముందు నేను తెర మీద తెల్లగీతల్నే వెతికేవాణ్ణి, మనుషుల్ని చూసేవాణ్ణి కాదు. ఆ తర్వాత కూర్చుని మొత్తం చూడటం అలవాటైంది. పెళ్లి క్యాసెట్ తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు, "గీతలు పోయినాయా అన్నా?" అని అడిగేవాళ్లు.

"పోయినాయి. అప్పగింతలప్పుడు స్తంభం పక్కన ఒకామె నిలబడి ఏడుస్తాంది, ఎవరామె?" అనేవాణ్ణి. చాలామంది అప్పటిదాకా ఆమెను చూడనేలేదు.