మెస్మరిజం రోజు నా చేతులు

మా బడికి మెస్మరిజం చూపించే ఆయన వచ్చిన ఏడు నేను ఏడో తరగతి. మెట్‌పల్లిలో మాది నేతపని ఇల్లు. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేదాన్ని. అయినా పరీక్షల్లో మొదటి మార్కు నాదే. నన్ను హైస్కూలుకు పంపమని హెడ్మాస్టరు బాపును మూడుసార్లు అడిగాడు. "జూద్దాం సార్" అనేవాడు బాపు. ఔననడు, కాదనడు.

ఆ రోజు నా తెలివి కళ్లారా చూపిద్దామని హెడ్మాస్టరు బాపును కావాలనే పిలిపించాడు. తెలివిగల పిల్లలకు మనసు ఇట్టే కుదురుతుందట, అందుకే వాళ్లే ముందు మెస్మరిజానికి లొంగుతారట. ఎవరు చెప్పారో ఏమో, ఆయనకు అది వేదవాక్కు. అదే మాట అందరికీ వినిపించి, నన్నూ, లెక్కలంటే హడలిపోయే నా పక్కపిల్లనూ బల్లమీద కూర్చోబెట్టాడు.

గొలుసు గడియారం అటూ ఇటూ ఊగింది. పక్కపిల్ల పకపకా నవ్వి దిగిపోయింది. నాకూ నిద్ర రాలేదు. కానీ ఎదురుగా బాపు ఉన్నాడు. కళ్లు మూసి తల వాల్చేశాను.

"నీ మనసుల ఏమున్నదో గది చెయ్యి బిడ్డా" అన్నాడు మెస్మరిజం ఆయన.

పుస్తకం తిరగేసినట్టు చేద్దామనుకున్నాను. ఈలోగా నా కుడిచెయ్యి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి లేని నూలుపోగును పట్టుకుంది. మధ్యలో ఆపితే దొంగనిద్ర బయటపడుతుందని ఆపలేదు. బడంతా గొల్లున నవ్వింది.

బాపు నవ్వలేదు. ఇంటికొచ్చి అవ్వతో అన్నాడు: "సార్ చెప్పింది నిజమే, పోరి తెలివైందే. గని దాని మనసంత రాట్నం మీదనే ఉన్నది. ఇష్టమున్న పని ఇడిపిచ్చి ఏడిపిచ్చుడు ఎందుకు?"

ప్రేమతోనే అన్నాడు. కోపంతో అని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో.

నిద్రపోలేదని చెబితే తెలివిలేనిదాన్నని తేలుతుంది. చెప్పకపోతే రాట్నమే గతి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బళ్లు తెరిచారు, నేను కండెలు చుట్టాను. ఏడుపు వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. అన్నం తిన్నాను, నీళ్లు తోడాను, మళ్లీ కండెలు చుట్టాను.

నవ్వి దిగిపోయిన పిల్ల హైస్కూలుకు పోయింది, తర్వాత పంతులమ్మ అయింది.

పదేళ్ల తర్వాత బాపు మంచాన పడ్డాడు. ఒకనాడు నా చెయ్యి పట్టుకుని, "నీకు ఇష్టమున్న పనిల్నే ఉంచిన గద బిడ్డా?" అని అడిగాడు.

"అవ్ బాపూ" అన్నాను. అప్పటికి నటించడం బాగా అలవాటైంది.