పోర్క్ పైలు చల్లారిన సాయంత్రం

ఇంగ్లండులో మా బార్న్‌స్లీ బొగ్గుగని కార్మికుల క్లబ్బులో పాటగాళ్ల స్థానం, పిండిలో పందిమాంసం కూరి కాల్చిన వేడివేడి పోర్క్ పైల తర్వాతే. వంటగదిలోంచి పైల పళ్లెం రాగానే క్లబ్బు పెద్ద విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్ గంట కొడతాడు. వేదిక మీద ఎవరు ఎంత తన్మయత్వంతో పాడుతున్నా నోరు మూసుకోవాల్సిందే. జనమంతా లేచి వరసకడతారు. ఇక వాయిద్యం నచ్చలేదా, ఇంకో మర్యాద కూడా ఉంది. మొదటి సగం కాగానే విల్ఫ్ వచ్చి "ఇక సర్దుకోండి" అని వెనక తలుపు చూపిస్తాడు. ఆ మాట విన్నాక ఎవరూ వాదించరు. వాదిస్తే పరువు తక్కువ.

రోయ్‌స్టన్ హేగ్‌కి ఈ విల్ఫ్ స్వయానా మేనమామ. అయితేనేం, అక్క కొడుకన్న జాలి కూడా లేదు ఆ మనిషికి! రోయ్‌స్టన్ పగలంతా గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర మాడి, సాయంత్రం ముగ్గురు స్నేహితులతో కలిసి డ్రమ్స్ వాయించేవాడు. విల్ఫ్ వాళ్లని ఎన్నిసార్లు సగంలో పంపించేశాడో లెక్కే లేదు.

"మావయ్యా, ఈ ఒక్కసారికీ చివరిదాకా వాయించనీ!"

"దాన్ని వాయించడమంటార్రా? మీ అత్త బొగ్గుల బకెట్టు మెట్ల మీంచి జారవిడిస్తే ఇంతకన్నా తాళంలో మోగుతుంది. సర్దు, సర్దు!"

జనం పగలబడి నవ్వేవారు. రోయ్‌స్టన్‌కి పేరు మీదా, డబ్బు మీదా అంత యావ లేదు. ఎవరూ సర్దుకోమనకుండా ఒక్క కచేరీ, ఒకే ఒక్కటి, చివరి పాటదాకా వాయించాలి. ఆ కోరికే వాణ్ణి లోపల తొలిచేస్తుండేది.

పందొమ్మిదివందల అరవై అయిదులో వింత జరిగింది. ఇక్కడ కుక్క కూడా మూతి పెట్టని వాళ్ల పాటల రికార్డు అమెరికాలో నిప్పులా అంటుకుంది. ఆ రోజుల్లో అక్కడి పిల్లలకి మన ఇంగ్లండు కుర్రాళ్ల పాటలంటే పిచ్చి. క్లీవ్‌లాండ్‌లో ఓ పెద్ద థియేటర్ నుంచి పిలుపొచ్చింది.

"వెళ్లిరండి," అన్నాడు విల్ఫ్. "అక్కడ పోర్క్ పైలు లేవు కదా, పాపం, మిమ్మల్నే భరిస్తారు."

క్లీవ్‌లాండ్‌లో తెర లేవగానే హాలంతా కేకలు. రోయ్‌స్టన్‌కి తన డ్రమ్స్ తనకే వినబడలేదు. బార్న్‌స్లీలో కేకలకి ఒకటే అర్థం. వాయిద్యం నచ్చలేదని. సగం పాటలు అయ్యేసరికి తెర దించేసి, థియేటర్ మేనేజరు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"అయిపోయింది, ఇక చాలు! పదండి, వెనక తలుపు!"

అయ్యో! సముద్రం దాటొచ్చినా అదే తలుపు. రోయ్‌స్టన్ కళ్లనీళ్లు కుక్కుకుంటూ డ్రమ్స్ మరలు విప్పడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా? అవి పారేసి పరిగెత్తు!"

"మా సామాను మేమే సర్దుకుంటాం సార్. నచ్చలేదంటే నచ్చలేదు. మాకిది అలవాటే."

మేనేజరు తల పట్టుకున్నాడు. "నచ్చకపోవడమేంటయ్యా బాబూ! ముందు వరసలవాళ్లు వేదిక ఎక్కేస్తున్నారు. చేతికి చిక్కితే మీ ఒంటి మీద చొక్కాలు కూడా మిగల్చరు!"

రోయ్‌స్టన్ తెర సందులోంచి తొంగిచూశాడు. అమ్మాయిలు ఏడుస్తున్నారు. "రోయ్! రోయ్!" అని వాడి పేరే పిలుస్తున్నారు. తర్వాత వెనక్కొచ్చి మరలు మళ్లీ బిగించాడు.

"తెర ఎత్తించండి సార్. చొక్కా పోతే పోయింది. నేను చివరిదాకా వాయించే కదులుతాను."

వాయించాడు! పోలీసులు చేతులు కలిపి గోడలా నిలబడితే, వాళ్ల వెనక ఆఖరి పాట ఆఖరి దెబ్బదాకా వాయించాడు. చొక్కా నిజంగానే పోయింది.

తిరిగొచ్చిన శనివారం మా క్లబ్బులో కాలు పెట్టడానికి చోటు లేదు. రోయ్‌స్టన్ వాళ్ల రెండో పాట మధ్యలో పైల పళ్లెం వచ్చింది. విల్ఫ్ అలవాటుగా గంట అందుకున్నాడు. రోయ్‌స్టన్ చేతులు వాటంతటవే నెమ్మదించాయి. అమెరికా అమెరికాయే, మావయ్య మావయ్యే.

విల్ఫ్ హాలంతా ఓసారి కలియజూశాడు. ఒక్కరూ లేవలేదు. గంట కుర్చీ కింద పెట్టి, "ఆగావేంరా?" అని అరిచాడు. "కానియ్!"

ఆఖరి పాట ముగిసేసరికి విల్ఫ్ వేదిక దగ్గరికొచ్చాడు. ముక్కు ఎర్రబడి ఉంది.

"నీ మూలంగా పైలన్నీ చల్లారిపోయాయి కదరా, వెధవా," అన్నాడు. "ఎలాగూ చల్లారాయి. ఇంకొకటి వాయించు."