దొరసానికి రాసిన చీటీ

నా చిన్నప్పుడు, అంటే చోడవరంలో నేను ఫస్టు ఫారం చదువుతున్న ఏడు, ఇంగ్లీషులో నాకు బాగా నచ్చినవి విశేషణాలు. మా మేష్టారు వాటిని నామవాచకానికి పెట్టే బొట్టూ కాటుకా అనేవారు. బొట్టూ కాటుకా అన్నాక ఒక్కటి పెట్టి ఊరుకోవడమేమిటని నేను ఒక్కో మాటకి మూడేసి పెట్టేదాన్ని. ఆవు మీద వ్యాసం రాయమంటే మా ఆవుని పెళ్ళికూతుర్ని చేసేశాను. గుడ్, బెటర్, బెస్ట్ అని క్లాసంతా కలిసి వల్లించేవాళ్ళం. ఏది దేనికన్నా బెటరో మేమూ అడగలేదు, మేష్టారూ చెప్పలేదు. బెత్తం పట్టుకున్న మనిషితో వాదించే ధైర్యం నాకప్పటికింకా రాలేదు. తరవాత వచ్చిందనుకోండి, ఆ సంగతి మావాళ్ళందరికీ తెలుసు.

చెరకు ఆడే రోజుల్లో మా అమ్మకి మగపిల్లాడు పుట్టాడు. కాన్పు కష్టమైతే మిషన్ ఆసుపత్రి నుంచి దొరసాని డాక్టరు జీపులో వచ్చి తల్లినీ బిడ్డనీ దక్కించింది. వెళ్తూ మా నాన్నకి ఒక ఏర్పాటు చెప్పింది. రోజూ మూడు గంటల బస్సు డ్రైవరు చేతికి ఒక చీటీ ఇవ్వాలి. బాలింత ఎలా ఉందో అందులో రాయాలి. రావలసిన అవసరం ఉందనిపిస్తే ఆవిడే వస్తుంది. ఆసుపత్రి గేటు ముందునుంచే ఆ బస్సు వెళ్ళేది కాబట్టి చుట్టుపక్కల రోగుల చీటీలన్నీ అలాగే వెళ్ళేవి. దొరసానికి తెలుగు మాటలు కొన్ని వచ్చుగానీ చదవడం రాదు. అందుకని చీటీ ఇంగ్లీషులో ఉండాలి.

మొదటి రెండు రోజులూ మా మేష్టారు రాసిపెట్టారు. మూడోనాడు ఆదివారం. ఆయన వాళ్ళ ఊరు బుచ్చయ్యపేట వెళ్ళిపోయారు. మా నాన్న బెల్లం బళ్ళతో తెల్లారకుండానే అనకాపల్లి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ నన్ను లేపి, “ఇయ్యాల నువ్వే రాయాలమ్మా” అని చెప్పి పోయాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

ముందురోజు చీటీ వెళ్ళిపోయాక, సాయంత్రం నుంచి అమ్మకి జ్వరం తగిలింది. చాలాసేపు మూలిగింది. పొద్దున్నకి మూలుగు ఆగిపోయింది. మా మామ్మ పురిటిగదిలోంచి బయటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుని, “తగ్గుముఖం పట్టిందే. నెమ్మదిగా పడుకుంది. అదే రాసీ” అంది. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. పలకా బలపం పక్కన పెట్టి, మంచి కాగితం తీసి, కలం సిరాలో ముంచి రాశాను. మై మదర్ ఈజ్ బెటర్. షీ ఈజ్ స్లీపింగ్ పీస్‌ఫుల్లీ. ఆ రెండో వాక్యం చివర క్రియావిశేషణం పెట్టగలిగినందుకు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా.

పది గంటలవేళ ఆయమ్మ వచ్చింది. ఆవిడ మా వెనక వీధి మనిషి. ఆ మిషన్ ఆసుపత్రిలోనే ఇరవై ఏళ్ళు ఆయాగా చేసి మానేసింది. ఇంగ్లీషు విని అర్థం చేసుకోగలదు, ఒక్క అక్షరం రాయలేదు. బాలింతని ఓసారి చూసి వెళ్ళమని దొరసాని ఆవిడకి కబురు పెట్టిందట. కానీ మా మామ్మ చూడనివ్వాలి కదా! కిరస్తానీ మనిషి, పైగా ఏ పేటనుంచి మతంలో కలిశారో మామ్మకి బాగా తెలుసు. అందుకని ఆయమ్మ మా అరుగు కూడా ఎక్కకుండా వీధిలోనే గొడుగు వేసుకుని నిలబడింది. లోపల మనిషికి జ్వరం, బయట మందు తెలిసిన మనిషి, మధ్యలో మా మామ్మ.

“సీటీ రాసేవా బుల్లెమ్మా? సదువు” అంది ఆయమ్మ.

నేను గట్టిగా చదివాను. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను.

“బెటరంటే దేనికన్నా బెటరు? నిన్నటికన్నానా, పొద్దుటికన్నానా? ఎవులు సూసేరు?”

“మామ్మ చెప్పింది, మూలుగు ఆగిపోయిందని.”

“మరి పీసుఫుల్లీ ఏటి? మా పాదిరిగారు మనుసుల్ని పూడ్సినప్పుడు అంటారు ఆ మాట.”

అరుగుమీద బియ్యం ఏరుకుంటున్న మామ్మ, “ఏటే ఆ కూతలు! గుంటని అడలగొట్టీడానికొచ్చేవా?” అని కసిరింది.

“అడలగొట్టడం కాదు అమ్మగారూ. మూలుగు ఆగిందంటే నెమ్మదించి ఆగిందో, మూలగడానికి సత్తువ లేక ఆగిందో సూడాల గదా. నన్నెలాగూ ఎల్లనివ్వరు. ఈ పాపని ఎల్లనివ్వండి.”

అని నాతో ఒక విచిత్రమైన పని చేయించింది. ముందు మామ్మ ఎదురుగా కూర్చోమంది. తను గొడుగు మూసి, దాని మొనతో వీధి రాయిమీద ఒకే తీరున, తొందరపడకుండా, అరవై దెబ్బలు కొట్టింది. ఆ అరవై దెబ్బల్లో మామ్మ ఎన్నిసార్లు ఊపిరి పీల్చిందో నేను లెక్కపెట్టాలి. పద్దెనిమిది. బాగున్న మామ్మ సంగతి మనకెందుకు అన్నాను విసుగ్గా. “బాగున్న మనిసిని ముందు సూడాల. లేపోతే బాగులేని మనిసికి ఎంత బాగులేదో ఎలా తెలస్తాది?” అంది ఆయమ్మ. డిగ్రీ చదివేటప్పుడు నాకు ముగ్గురు ప్రొఫెసర్లు పాఠాలు చెప్పారు. ఈ మాట ఇంత తేలిగ్గా ఒక్కరూ చెప్పలేదు.

తరవాత పురిటిగదిలోకి వెళ్ళి అమ్మ పొట్టమీద అరచెయ్యి వేశాను. చీకటి గది. కుంపటిలో వాము పొగ. చెయ్యి కాలిపోతోంది. బయట గొడుగు మొన టక్కు టక్కుమంటోంది. ముప్పై నాలుగు. అమ్మకి చెంబుతో నీళ్ళు పట్టమంది, ఎన్ని గుక్కలు తాగిందో చూడమంది. ఆరు. పిలిస్తే ఎంతసేపటికి పలికిందో చూడమంది. రెండో పిలుపుకి. అవన్నీ చెబితే, “ఇది సగమే బుల్లెమ్మా. మిగతా సగం రెండు గంటలకి వచ్చి సూస్తాను. అంతదాకా సీటీ ఇవ్వకు” అని వెళ్ళిపోయింది.

ఆ నాలుగు గంటలూ ఎలా గడిచాయో నాకే తెలుసు. అన్నం సహించలేదు. ఎవరిని చూసినా ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పాలేరు, ఎదురింటి ముసలాయన, కట్టుకొయ్య దగ్గర దూడ. పసిగుడ్డుది లెక్కపెడితే అమ్మదానికన్నా ఎక్కువొచ్చి హడలిపోయాను. చంటిపిల్లలకి అంతేనని చెప్పేవాళ్ళు లేరు. మామ్మ మాటే నిజమైతే నేను రాసిన చీటీ సరిగ్గానే ఉంది. కాకపోతే? బస్సు వెళ్ళిపోతే మళ్ళీ రేపటిదాకా చీటీ లేదు, దొరసానీ లేదు.

రెండు గంటలకి ఆయమ్మ వచ్చి గొడుగు మూసి మళ్ళీ కొట్టింది. నలభై రెండు. లెక్క తప్పానేమోనని ఇంకోసారి కొట్టమన్నాను. నలభై మూడు. అమ్మ రెండు గుక్కలు తాగింది, మూడోది పెదవి పక్కనుంచి కారిపోయింది. నాలుగుసార్లు పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ, నన్ను మా పిన్ని పేరు పెట్టి పిలిచింది.

నేను పాత చీటీ చింపేశాను. మామ్మ చూసింది.

“ఒసే గుంటా, ఏటి రాస్తన్నావు?”

“అమ్మకి ఎక్కువైందని.”

“నోరు ముయ్యి! బాలింత గుమ్మంలో కూకుని సెడ్డమాట రాస్తావా? సెడ్డ రాస్తే సెడ్డే జరుగుతాది. తగ్గిందని రాయి.”

మామ్మని ఇప్పుడు నేను తప్పుపట్టను. ఆవిడ నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి. చెడ్డమాట అనకుండా ఉంటే చెడ్డ మన గుమ్మం తొక్కదని గట్టిగా నమ్మేది. ఆ నమ్మకం అప్పుడు నాకూ ఉండేది, అందుకే నా చెయ్యి కదల్లేదు. వర్స్ అన్న మాట రాసిన మరుక్షణం అమ్మకి ఏదైనా అయితే? అది నేనే చేసినట్టు కదా. ఆయమ్మ వీధిలోంచి నన్నే చూస్తోంది. చివరికి నేను వర్స్ అనీ రాయలేదు, బెటర్ అనీ రాయలేదు. నాకు తెలిసినవే రాశాను. మా మామ్మకన్నా అమ్మ త్వరత్వరగా ఊపిరి పీలుస్తోంది, పద్దెనిమిదికి నలభై మూడు. పొద్దుటికన్నా కూడా త్వరగా పీలుస్తోంది, అప్పుడు ముప్పై నాలుగు. పొద్దుటికన్నా తక్కువ తాగింది. పొద్దుటికన్నా ఆలస్యంగా పలికింది. ఫాస్టర్ దేన్, లెస్ దేన్, స్లోవర్ దేన్. మామ్మ ఏం రాశావని అడిగితే, “ఊపిర్లు లెక్కపెట్టి రాశాను, అంతే” అని బస్సు దగ్గరికి పరుగెత్తాను. డ్రైవరు అప్పటికే హారను కొడుతున్నాడు.

బస్సు వెళ్ళాక నాకు కొత్త భయం పట్టుకుంది. దొరసాని వస్తుందా, రాదా అన్నది ఒక భయం. నేను రాసింది నిజమేమోనన్నది దానికన్నా పెద్ద భయం. అరుగుమీద మోకాళ్ళు దగ్గరకి ముడుచుకుని కూర్చుని, దేవుడా, నా లెక్క తప్పయిపోవాలి, మామ్మదే రైటవ్వాలి అని దండం పెట్టుకున్నాను. మర్నాడు బళ్ళో అందరూ నవ్వినా సరే, మామ్మ నాలుగు తగిలించినా సరే.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. దొరసాని చేతిలో నా చీటీ ఉంది. లోపలికి వెళ్ళి కాసేపట్లోనే బయటికొచ్చి, బాలింత జ్వరమనీ, ఆసుపత్రికి తీసుకుపోవాలనీ చెప్పింది. మంచంమీంచి పరుపుతో సహా ఎత్తాలి. అలా ఎత్తడం తెలిసిన మనిషి ఇంకొకరు కావాలి. దొరసాని వీధివైపు తిరిగి, ఇంకా అక్కడే ఉన్న ఆయమ్మని పిలిచింది. మా మామ్మ గోడవారకి జరిగింది. ఆయమ్మ చెప్పులు వదిలి లోపలికి వచ్చి, దొరసాని ఓ పక్క పట్టగా, పొద్దుట్నుంచీ తనని చూడనివ్వని మనిషిని పరుపుతో సహా చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకెళ్ళి జీపులో పడుకోబెట్టింది.

“ఎవరు లెక్క చేసినారు?” అంది దొరసాని జీపెక్కుతూ. నేను ఆయమ్మని చూపించాను. ఆయమ్మ నన్ను చూపించింది.

మా అమ్మ ఇరవై రోజులకి తిరిగొచ్చింది. జుట్టంతా ఊడిపోయి, గాజులు మోచేతుల దాకా జారిపోతూ వచ్చింది. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదని దొరసాని మా నాన్నతో అందట. మామ్మ మాత్రం అదంతా తన మొక్కు మహిమేనని ఊరంతా చెప్పుకుంది. ఆయమ్మ తొక్కిన గుమ్మాన్ని మర్నాడే పసుపునీళ్ళతో కడిగించింది కూడా. ఆ మాట రాయకుండా వదిలేయొచ్చు, మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. కానీ ఆయమ్మ చేసింది ఇంతని చెప్పి, మేం చేసింది ఎంతో చెప్పకపోతే అది పోలిక కాదు.

నేను నోరుగలదాన్నని మావాళ్ళ అభిప్రాయం. డాక్టర్లతోనూ, హెడ్మాస్టర్లతోనూ, కోడళ్ళ తరఫున అత్తగార్లతోనూ వాదిస్తాను, చాలాసార్లు గెలుస్తాను. ఫలానావాళ్ళకి బాగానే ఉంది, ఏం ఫరవాలేదు అని ఎవరైనా అంటే వెళ్ళి పక్కన కూర్చుని చూసిగానీ నమ్మను. చూసింది చూసినట్టు మొహంమీదే చెప్పేస్తాను. నాకదేదో సరదా అనుకుంటారు. చెప్పి ఇంటికొచ్చాక నిద్రపట్టక దొర్లుతూ నేనేం కోరుకుంటానో వాళ్ళకి తెలియదు. పదకొండేళ్ళప్పుడు ఆ అరుగుమీద కూర్చుని కోరుకున్నదే ఇప్పటికీ కోరుకుంటాను. నేను చెప్పిందే తప్పయిపోవాలని.